నీటిని పొదుపు చేసే ఇంటి తోట: పచ్చిక, బండలు, పొదలు, చెట్లలో దేనిని ఎంచుకోవాలి?

300 గజాల స్థలంలో ఇల్లు కట్టుకున్న తరువాత ముంగిలి, పెరడు, పక్క సందులు కలిపి సుమారు 120 గజాలు, అంటే 100 చదరపు మీటర్ల నేల ఖాళీగా మిగులుతుందనుకుందాం. హైదరాబాదు శివార్లలో గానీ, వరంగల్, కర్నూలు, తిరుపతి వంటి ఊళ్లలో గానీ సొంత ఇల్లు కట్టుకునే మధ్యతరగతి కుటుంబానికి ఉండే పరిస్థితి దాదాపు ఇదే. గృహప్రవేశం దగ్గర పడేసరికి ఆ నేలను ఏం చేయాలన్న చర్చ మొదలవుతుంది. నర్సరీవారు పచ్చిక పరుద్దామంటారు. మేస్త్రీ పేవర్ బ్లాకులు వేసేస్తే బురద బాధ ఉండదంటాడు. ఇంటీరియర్ పనులు చేసేవారు తెల్ల గులకరాళ్లను, ప్లాస్టిక్ గడ్డిని చూపిస్తారు. ఇంట్లో పెద్దవారు మాత్రం నీడకు ఒక చెట్టు, పూజకు నాలుగు పూలమొక్కలు, ఒక కరివేపాకు మొక్క ఉంటే చాలంటారు. ఈ నాలుగు మార్గాలను నీటి లెక్కతో, వేడి లెక్కతో, రోజువారీ చాకిరీ లెక్కతో పోల్చి చూస్తే పెద్దవారి మాటే నెగ్గుతుందని నా నమ్మకం. అయితే అది నెగ్గాలంటే నేలను, వాననీటిని ముందుగా సిద్ధం చేయాలి. మొక్కలు ఆ తరువాత, పైపులు అన్నిటికంటే చివర.

వాన ఎంత ఇస్తుంది, తోట ఎంత తాగుతుంది

ఏ ఎంపికకైనా పునాది ఒక చిన్న లెక్క. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది, అందులో చాలా భాగం జూన్ నుంచి అక్టోబరు లోపలే కురుస్తుంది. 150 చదరపు మీటర్ల డాబా మీద పడే ఆ వానలో ఆవిరికి, చిందులకు ఐదో వంతు తీసేసినా ఏటా 96,000 లీటర్ల నీరు మన గొట్టాల గుండా కిందికి దిగుతుంది. చాలా ఇళ్లలో ఆ నీరంతా గేటు కింద నుంచి రోడ్డు మీదికి పోతుంది. ఆ ఇంటికే ఏప్రిల్‌లో ట్యాంకరు వస్తుంది.

ఇక తాగే వైపు చూద్దాం. ఏప్రిల్, మే నెలల ఎండకు పచ్చికతో కప్పిన నేల రోజుకు 5 నుంచి 6 మిల్లీమీటర్ల నీటిని గాలిలోకి వదులుతుంది. 100 చదరపు మీటర్ల పచ్చికను ఆ రోజుల్లో పచ్చగా నిలబెట్టాలంటే రోజుకు 500 నుంచి 600 లీటర్లు, నెలకు 15,000 నుంచి 18,000 లీటర్లు కావాలి. 5,000 లీటర్ల ట్యాంకర్లు మూడుకు పైగా అన్నమాట. పైపుతో తడిపేటప్పుడు గోడల మీదికి, బండల మీదికి పోయే నీరు దీనికి అదనం. అదే నేలలో రెండు లేత చెట్లు, పదిహేను పొదలు మాత్రమే ఉండి, వాటి మొదళ్లకే నీరు అందేలా చేస్తే, చెట్టుకు 20 లీటర్లు, పొదకు 4 లీటర్ల చొప్పున రోజు విడిచి రోజు ఇచ్చినా నెలకు 1,500 లీటర్లు సరిపోతాయి. రెండు ఎంపికల మధ్య తేడా పది రెట్లు. ఎంత ఖరీదైన డ్రిప్ పరికరమూ, ఎంత తెలివైన టైమరూ ఇంత తేడాను తీసుకురాలేవు. ఏ మొక్కతో నేలను కప్పుతామన్నదే అసలు నిర్ణయం.

పచ్చిక: ఎక్కడ సమంజసం, ఎక్కడ కాదు

పచ్చికను పూర్తిగా తోసిపుచ్చడం న్యాయం కాదు. పసిపిల్లలు పడినా దెబ్బ తగలని నేల, సాయంత్రం చాప పరుచుకుని కూర్చోగలిగిన నేల ఇంటికి ఒక సుఖం. అది దుమ్మును పట్టి ఉంచుతుంది, చుట్టూ గాలిని చల్లబరుస్తుంది. ఇబ్బంది దాని వైశాల్యంతోనూ, ఎంచుకునే రకంతోనూ వస్తుంది. ఎవరూ నడవని పక్క సందులో, చూపు కూడా ఆనని ప్రహరీ మూలలో పచ్చిక పరచడం వల్ల నీటి బిల్లు, కోత పని తప్ప మిగిలేది లేదు. కూర్చోవడానికి, ఆడుకోవడానికి నిజంగా వాడే 15 లేదా 20 చదరపు మీటర్లకు పచ్చికను పరిమితం చేస్తే వేసవి నీటి ఖర్చు రోజుకు 100 లీటర్ల చుట్టూ ఆగుతుంది.

రకాల విషయానికి వస్తే, దిండులా మెత్తగా కనిపించే కొరియన్ కార్పెట్ గడ్డిని నర్సరీలు ఎక్కువగా సిఫారసు చేస్తాయి. అది అందంగా ఉంటుంది, నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి కోత తక్కువ, కానీ ఎండిపోతే తిరిగి అల్లుకోవడానికి చాలా కాలం పడుతుంది. మన గట్ల మీద తనంతట తానే బతికే గరిక వేసవిలో నీరు అందకపోతే గోధుమరంగుకు తిరిగి నిద్రపోతుంది, తొలకరి పడగానే చిగురిస్తుంది. మే నెలలో ముంగిలి పచ్చగా కనిపించాల్సిందేనన్న పట్టుదల లేనివారికి గరికను మించిన పచ్చిక లేదు. అయితే నీడలో గరిక పలచబడుతుంది, కనుక చెట్టు కింద దానిని వేసి ప్రయోజనం లేదు.

నీరు తక్కువ తాగుతుందని చెప్పి పచ్చికకు బదులుగా అమ్మే వెడీలియా విషయంలో జాగ్రత్త అవసరం. పసుపుపచ్చని పూలతో, నిగనిగలాడే ఆకులతో నేలను త్వరగా కప్పేస్తుంది, నిజమే. కానీ ప్రపంచంలోనే అతి దుడుకుగా విస్తరించే వంద పరాయి జాతుల జాబితాలో దానికి చోటు ఉంది. ప్రహరీ దాటి కాలవలోకి చేరిందంటే ఆ గట్టు మీద మరో మొక్కను బతకనివ్వదు.

బండలు, గులకరాళ్లు, ప్లాస్టిక్ గడ్డి

నీళ్లు పోయనవసరం లేదన్న ఒక్క కారణంతో నేలనంతా కప్పేసే మార్గాన్ని నీటి పొదుపుగా లెక్కించకూడదని గట్టిగా చెప్పవలసి ఉంది. సిమెంటు వేసిన ఆవరణ నీటిని తాగదు, అలాగే వాన చుక్కను భూమిలోకి దిగనివ్వదు. ఆ ఇంటి బోరుకు పైనుంచి చేరే నీరు ఆ మేరకు తగ్గుతుంది, వీధిలో వరద ఆ మేరకు పెరుగుతుంది. పైగా పగలంతా పీల్చుకున్న వేడిని సిమెంటు రాత్రి గోడలకు తిరిగి ఇస్తుంది. తోటలో ఆదా అయిన నీటికి బదులు ఏసీ కరెంటు బిల్లు కట్టవలసి వస్తుంది.

తెల్ల గులకరాళ్లు సిమెంటు కంటే కొంత మెరుగు, ఎందుకంటే సందుల్లోంచి నీరు దిగుతుంది. కానీ ఎండ వాటి మీద పడి కిటికీల్లోకి తిరిగి కొడుతుంది. రెండు వానాకాలాలు గడిచేసరికి మట్టి కలిసి తెలుపు పోతుంది, రాళ్ల మధ్య కలుపు మొలుస్తుంది, ఊడ్చడం కష్టమవుతుంది. కలుపు రాకుండా కింద ప్లాస్టిక్ పట్టా పరిస్తే నీరు దిగే ఆ ఒక్క సుగుణమూ పోతుంది. అమెరికాలో డెన్వర్ నగర జలమండలి 1981లో జెరిస్కేప్ అన్న తక్కువ నీటి తోట పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. హైదరాబాదులో సగం వాన కూడా పడని ఆ ఊరిలో సైతం దాని ఏడు సూత్రాలు నేలను బాగుచేయడం, పచ్చికను అవసరానికి పరిమితం చేయడం, తగిన మొక్కలను ఎంచుకోవడం, నేల మీద ఎండుటాకుల వంటి ఆచ్ఛాదన పరచడం వంటివే తప్ప, రాళ్లు పోసి వదిలేయమని చెప్పేవి కావు. ఫోటోలు చూసి రాళ్ల తోటే నీటి పొదుపు తోట అనుకోవడం మన దగ్గర బాగా పెరిగింది.

ప్లాస్టిక్ గడ్డిని అన్నిటికంటే దిగువన పెడతాను. మండుటెండలో దాని పైభాగం 60 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతుంది, పిల్లలు చెప్పులు లేకుండా నిలబడలేరు. మన దుమ్ముకు దానిని మళ్లీ మళ్లీ నీటితో కడగక తప్పదు. కొన్నేళ్లకు పోగులు ఊడి మట్టిలో ప్లాస్టిక్ తునకలుగా కలుస్తాయి. ఇంటి బయట నేల మీద దానిని పరచడానికి సరైన కారణం నాకు ఒక్కటి కూడా కనిపించదు.

నడవడానికి, బండి నిలపడానికి గట్టి నేల కావాలి, అది కాదనలేని అవసరం. అక్కడ మన చేతిలో మంచి వస్తువులే ఉన్నాయి. తాండూరు బండలను గానీ కడప బండలను గానీ సిమెంటు మాలు మీద కాకుండా, చదును చేసిన కంకర మీద రెండంగుళాల ముతక ఇసుక పరిచి, బండకూ బండకూ మధ్య అంగుళం, అంగుళంన్నర సందు వదిలి వేస్తే చాలు. ఆ సందుల్లో ఇసుక కలిపిన మట్టి నింపి గరిక గానీ గడ్డి గులాబీ గానీ నాటితే, జల్లు పడినప్పుడు బండ మీద జారిన నీరు సందు దగ్గర ఒక్క క్షణం నిలిచి, బుడగలు వదులుతూ లోపలికి దిగడం కంటితో చూడవచ్చు. అదే బండలను మాలుతో అతికిస్తే ఆ జల్లు నేరుగా గేటు దాటుతుంది. కారు నిలిపే చోట చక్రాలు ఆనే రెండు పట్టీలకు మాత్రమే గట్టి బండలు వేసి, మధ్య భాగాన్ని మట్టిగా వదలడం పాత పద్ధతి, ఇప్పటికీ మంచి పద్ధతి. పేవర్ బ్లాకులే వేయాలనుకునేవారు మధ్యలో రంధ్రాలున్న గడ్డి పేవర్లను ఎంచుకోవడం, వాటి కింద కాంక్రీటు పోయనివ్వకపోవడం ముఖ్యం. మేస్త్రీలు గట్టిదనం కోసం అలవాటుగా పోసేస్తారు, కాబట్టి పని మొదలుకాకముందే చెప్పాలి.

పొదలు, చెట్లు: ఎంపికలో అసలు బలం

నీడనిచ్చే చెట్టు తన కోసం తాగే నీటి కంటే తన కింద ఆవిరి కాకుండా కాపాడే నీటి వల్ల ఎక్కువ మేలు చేస్తుంది. పడమటి ఎండ గోడను తాకే వైపు ఒక మధ్యరకం చెట్టు ఉంటే దాని నీడలోని పొదలకు తడుపులు తగ్గుతాయి, పడమటి గదిలో వేడీ తగ్గుతుంది. అందుకే 100 చదరపు మీటర్లలో మొదట స్థలం కేటాయించవలసింది చెట్టుకు. మిగిలినవన్నీ దాని చుట్టూ సర్దుకోవాలి.

ఇంటి పక్కన ఏ చెట్టు అన్నదానికి వేప, కానుగ, పొగడల మధ్య పోలిక ఉపయోగపడుతుంది. వేప అనావృష్టిని తట్టుకోవడంలో మేటి, కానీ పెద్ద చెట్టు. గోడకు కనీసం నాలుగైదు మీటర్ల దూరం దొరికితేనే దానిని పెట్టాలి. 200 గజాల స్థలంలో వేపను ప్రహరీకి ఆనించి నాటి, పదేళ్లకు నరికేయడం చెట్టుకూ మనకూ నష్టమే. కానుగ నీడ దట్టం, ఎండాకాలం మొదట్లో ఆకు రాల్చి త్వరలోనే కొత్త ఆకు తొడుగుతుంది. రాలిన ఆకు ఎరువుగా పనికొస్తుంది. పొగడ నెమ్మదిగా పెరుగుతుంది, గుండ్రంగా ఒద్దికగా ఉంటుంది, ఆకురాలుడు తక్కువ, పూల వాసన సరేసరి. చిన్న స్థలానికి నా ఓటు పొగడకే. ఇంకా చిన్న చోటైతే పారిజాతం, ఉసిరి, సీతాఫలం, దానిమ్మ, కరివేపాకులలో ఏదో ఒకటి చాలు. సీతాఫలం రాళ్ల గుట్టల మీద నీళ్లు పోసే దిక్కు లేకుండా కాసే చెట్టు. పెరట్లో ఉంటే పండూ దక్కుతుంది, నీటి బెంగా ఉండదు. మునగ త్వరగా పెరిగి కూర ఇస్తుంది కానీ కొమ్మలు పెళుసు, గాలివానకు విరుగుతాయి, కారు నిలిపే చోటికి దూరంగా ఉంచాలి.

త్వరగా పచ్చని గోడలా లేస్తుందని విరివిగా నాటిన కోనోకార్పస్‌ను మాత్రం ఎంచుకోవద్దు. దాని పుప్పొడి వల్ల శ్వాస ఇబ్బందులు, వేర్ల వల్ల భూగర్భ గొట్టాలకు నష్టం కలుగుతున్నాయన్న ఆందోళనతో గుజరాత్ ప్రభుత్వం 2023లో దానిని నాటడాన్ని నిషేధించింది. చాటు కావాలనుకుంటే నందివర్ధనం, మందార, నూరు వరహాలు, కాగితం పూలు దగ్గర దగ్గరగా నాటి కత్తిరిస్తూ ఉంటే మూడేళ్లలో ఆ పని జరుగుతుంది. వీటిలో కాగితం పూల తీగకు నీరు ఎంత తగ్గితే పువ్వు అంత విరగబూస్తుంది. నందివర్ధనం కొంత నీడను కూడా ఓర్చుకుంటుంది. మందారకు నీరు కొంచెం ఎక్కువ కావాలి, అందుకని దానిని స్నానాల గది నీరు చేరే వైపు పెట్టడం మేలు. గన్నేరు ఎండకు, ఉప్పు గాలికి, నిర్లక్ష్యానికి అన్నిటికీ తట్టుకుంటుంది కానీ ప్రతి భాగమూ విషమే. పసిపిల్లలున్న ఇంట్లో దానిని మానడమే మంచిది.

తంగేడు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. తెలంగాణ రాష్ట్ర పుష్పమై, బతుకమ్మలో మొదటి వరుసలో ఉండే ఈ పొద బంజరు నేలల్లో వాన నీటితోనే బతుకుతుంది. అయినా ఇళ్లలో దానిని పెంచేవారు అరుదు, నర్సరీల్లో దొరకడమూ అరుదు. బతుకమ్మ రోజుల్లో పువ్వు కోసం ఊరి బయట ఎక్కడెక్కడో వెతుక్కుంటున్న కుటుంబాలు పెరట్లో ఎండ బాగా తగిలే మూల రెండు పొదలు పెంచుకుంటే, ఒక ఏడాది తరువాత వాటికి పోసే నీరు దాదాపు సున్నా. ఎండిన కాయల్లోని గింజలను తొలకరికి ముందు సేకరించి, గోరువెచ్చని నీటిలో ఒక రాత్రి నానబెట్టి, నేరుగా నాటవలసిన చోటనే విత్తడం మంచిది. తల్లివేరు లోతుగా దిగే జాతి కాబట్టి పెద్ద మొక్కను పెరికి మార్చితే సాధారణంగా బతకదు.

ఏ మొక్కైనా నాటే కాలాన్ని బట్టి దాని నీటి ఖర్చు మారుతుంది. గృహప్రవేశం మాఘమాసంలో అయిందని అప్పుడే తోటంతా నాటేస్తే, లేత వేర్లు పట్టుకోకముందే ఎండలు వస్తాయి. జూన్, జూలైలలో రెండు మంచి వానలు పడ్డాక నాటితే మూడు, నాలుగు నెలలు ఆకాశమే నీరు పోస్తుంది. తొలి రెండు వేసవులు ఎంత మొండి మొక్కకైనా నీటి సాయం కావాలి. స్థానిక జాతులకు నీరే అక్కర్లేదని చెప్పడం పొరపాటు.

నేల ఏమిటో తెలియకుండా దేనినీ ఎంచుకోవద్దు

ఎర్ర చల్క నేల నీటిని త్వరగా దించేస్తుంది, త్వరగా ఆరిపోతుంది. అక్కడ కొంచెం కొంచెంగా తరచూ ఇవ్వాలి. నల్లరేగడి నీటిని చాలాకాలం పట్టి ఉంచుతుంది, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. అక్కడ ఎక్కువ విరామాలతో ఇవ్వాలి, నీరు నిలవకుండా చూడాలి. కొత్త ఇళ్లలో మూడో రకం నేల కూడా ఉంటుంది: కట్టడం పూర్తయ్యాక మిగిలిన సిమెంటు పెచ్చులు, ఇటుక ముక్కలు, ఇసుక, పైన అంగుళం ఎర్రమట్టి. దానిలో ఏ మొక్క నాటినా ఎన్ని నీళ్లు పోసినా నిలవదు. మొక్కల మీద డబ్బు పెట్టేముందు అడుగు లోతు తవ్వించి ఆ చెత్తను ఎత్తి పోయించడం, మాగిన పశువుల ఎరువు కలిపిన మంచి మట్టి నింపించడం అన్నిటికంటే లాభసాటి ఖర్చు.

ఆపైన ఆచ్ఛాదన. మొక్క పాదులో మూడంగుళాల మందాన ఎండుటాకులు, వరిగడ్డి, కొబ్బరి పీచు, వేరుశనగ పొట్టులలో ఏది దొరికితే అది పరచాలి. మిట్టమధ్యాహ్నం ఆ ఆకుల పొరను వేలితో తప్పించి చూస్తే కింది మట్టి చల్లగా, నల్లగా తడి పట్టి ఉంటుంది. రెండడుగుల అవతల పొర లేని మట్టి పెంకులా గట్టిపడి ఉంటుంది. రాలిన ఆకును పోగుచేసి తగలబెట్టే అలవాటు మానుకుంటే దీనికి పైసా ఖర్చు లేదు. చెదల భయం ఉన్న చోట పొరను కాండానికి ఆనించకుండా బెత్తెడు దూరం వదలాలి, ఇంటి గోడకు కూడా అంతే.

నీరు పెట్టే పద్ధతులు

చేతిపైపు, స్ప్రింక్లరు, డ్రిప్, పాతిపెట్టిన కుండ అన్నవి మన ముందున్న ఎంపికలు. చేతిపైపులోంచి నిమిషానికి పది, పదిహేను లీటర్లు సులువుగా పోతాయి. ఫోను మాట్లాడుతూ పావుగంట తడిపితే ఎంత పోయిందో తెలియదు. స్ప్రింక్లరు పచ్చికకు తప్ప మరి దేనికీ అక్కరలేదు, గాలి ఉన్నప్పుడు సగం నీరు గోడలకే పోతుంది. పొదలకు, చెట్లకు డ్రిప్ మేలు. గంటకు 4 లీటర్లు ఇచ్చే డ్రిప్పరును పొద మొదట పెడితే గంటసేపు తిప్పి ఆపేయవచ్చు. చెట్టు పెరిగే కొద్దీ డ్రిప్పర్లను మొదలుకు దూరంగా, కొమ్మల అంచు కిందికి జరపాలి, ఎందుకంటే నీటిని పీల్చే సన్నవేర్లు అక్కడే ఉంటాయి. ఒత్తిడికి ప్రత్యేక మోటారు అవసరం లేదు. నీటి ట్యాంకు నేలకు పది మీటర్ల ఎత్తున ఉంటే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి వస్తుంది, ఒకటి రెండు అంతస్తుల ఇంటి ట్యాంకు ఇచ్చే ఒత్తిడితో చిన్న తోట డ్రిప్ చక్కగా నడుస్తుంది.

అయితే మన బోరు నీటిలో సున్నం శాతం ఎక్కువ. కొన్ని నెలలకే డ్రిప్పరు మూతి చుట్టూ తెల్లని పొక్కు కట్టి చుక్క ఆగిపోతుంది. అందువల్ల మొదట్లోనే ఫిల్టరు పెట్టించాలి, విప్పి కడగగలిగే డ్రిప్పర్లను ఎంచుకోవాలి, లైను చివరి మూతను నెలకొకసారి తీసి నీటిని వదలాలి. వేసవిలో దాహానికి ఉడతలు కూడా పైపు కొరుకుతాయి. పెరట్లో ఒక మట్టి మూకుడులో నీళ్లు పెడితే వాటి దాహమూ తీరుతుంది, పైపూ నిలుస్తుంది. ఆ నీటిని రోజూ మార్చాలి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. టైమరు విషయంలో నా అభిప్రాయం భిన్నం. వాన పడుతున్నా తన సమయానికి నీరు వదిలే టైమరు కంటే, మట్టిలో వేలు రెండు కణుపుల లోతు గుచ్చి చూసి తిప్పే మామూలు వాల్వే ఇంటి తోటకు నమ్మకమైనది. తరచూ ఊళ్లకు వెళ్లే కుటుంబాలకు మాత్రం టైమరు తప్పదు.

పది మొక్కలకు మించని పెరటికి, కరెంటు, పైపుల జోలి లేని వారికి కుండ పద్ధతి ఇప్పటికీ ఉత్తమం. పూత వేయని మట్టికుండను మెడ వరకు పాతి, నీరు నింపి మూత పెడితే గోడల్లోంచి నీరు ఊరుతూ వేర్లకు అందుతుంది. మట్టి తడిగా ఉన్నంతసేపు ఊట తగ్గుతుంది, ఆరితే పెరుగుతుంది. కూరగాయల పాదులకు, లేత చెట్లకు ఇది బాగా సరిపోతుంది. బోరు నీటి ఉప్పుకు రెండు, మూడేళ్లలో కుండ రంధ్రాలు పూడుకుపోతాయి, అప్పుడు మార్చుకోవాలి.

వాడిన నీటిలో ఏది తోటకు, ఏది కాదు

బియ్యం, కూరగాయలు కడిగిన నీరు నిస్సందేహంగా మొక్కలకు వాడవచ్చు. ఏసీ నుంచి కారే నీరు లవణాలు లేనిది, కుండీలకు మంచిది. స్నానాల గది నీటిని మెట్టతామర, అరటి పెంచిన కంకర గుంట గుండా పంపి చెట్లకు వదలవచ్చు. ఆకుకూరలకు మాత్రం వద్దు, ఒక రోజుకు మించి నిల్వ ఉంచితే కుళ్లు వాసన వస్తుంది. బట్టలు ఉతికిన నీటిలోని సోడియం నల్లరేగడి నేలను గట్టిపరిచి చెడగొడుతుంది, రేగడి నేలలవారు దానిని మానడమే మంచిది. ఆర్‌ఓ యంత్రం వదిలే నీరు ఇల్లు తుడవడానికి, మరుగుదొడ్డికి సరే గానీ, బోరు నీటి ఉప్పంతా అందులో చిక్కబడి ఉంటుంది కాబట్టి ప్రతిరోజూ ఒకే మొక్కకు పోస్తే ఆకుల అంచులు మాడిపోతాయి.

ఇంకుడు గుంతా, సంపా?

ఇది ఇంటి నేలను బట్టి తేలవలసిన ప్రశ్న. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల లోతున్న ఇంకుడు గుంత ఖాళీగా ఉంటే సుమారు 2,700 లీటర్లు పడుతుంది. కింద 40 మిల్లీమీటర్ల రాళ్లు, ఆపై 20 మిల్లీమీటర్ల కంకర, ఆపై ముతక ఇసుక నింపాక రాళ్ల సందుల్లో నిలిచేది అందులో సగం కూడా కాదు. 50 మిల్లీమీటర్ల జడివాన ఒక్కటి 150 చదరపు మీటర్ల డాబా నుంచి 6,000 లీటర్లు దించుతుంది. కనుక గుంత పనితనం దాని పరిమాణం కంటే అడుగున ఉన్న నేల ఎంత వేగంగా పీలుస్తుందన్న దాని మీద ఆధారపడుతుంది. చల్క నేలలో, మొరం తగిలే చోట గుంత అద్భుతంగా పనిచేస్తుంది. దట్టమైన రేగడిలో గుంత నిండి అలాగే నిలబడుతుంది. అలాంటి చోట మొదటి వాన నీటిని బయటికి వదిలి, తరువాతి నీటిని వడగట్టి సంపులో పట్టుకోవడం, మిగిలిన దానిని వాడకంలో లేని బోరులోకి ఫిల్టరు ద్వారా పంపడం మేలు. రెండింటికీ డబ్బు లేనివారు గొట్టం చివర తోటలో ఒక అడుగు పల్లం తీసి, అందులో అరటి, మెట్టతామర, వట్టివేరు నాటినా డాబా నీటిలో కొంత భాగం ఆవరణలోనే ఆగుతుంది. సంపుకైనా డ్రమ్ముకైనా మూత, దోమతెర తప్పనిసరి. డెంగీ దోమ మంచి నీటిలోనే పెరుగుతుంది.

ఊరిని బట్టి తీర్పు మారుతుంది. కోనసీమలో, కృష్ణా డెల్టాలో నీరు పైపైనే ఉండే చోట్ల ఇంకుడు గుంతకు అర్థం లేదు, అక్కడ నీరు నిలవకుండా మొక్కలను ఎత్తు మడుల మీద పెట్టడం ముఖ్యం. విశాఖ తీరాన ఉప్పు గాలికి పొన్న, గన్నేరు, నందివర్ధనం నిలుస్తాయి, కొండవాలు ఇళ్లలో వాలుకు అడ్డంగా రాతి కట్టలు కట్టి మట్టిని ఆపాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురంలో పచ్చికను పూర్తిగా మానేసి వేప, సీతాఫలం, తంగేడు, కలబందలతో తోట వేసుకోవడమే న్యాయం.

అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి పచ్చిక వద్దనే హక్కు ఒక్కరికే ఉండదు, అసోసియేషన్ ఒప్పుకోవాలి. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటిని తోటలకు, వాహనాలు కడగడానికి వాడరాదని, వాడితే 5,000 రూపాయల జరిమానా వేస్తామని ప్రకటించినప్పుడు పెద్ద పెద్ద సముదాయాల పచ్చికలు ఎవరి నీటితో బతుకుతున్నాయన్న ప్రశ్న సూటిగా ముందుకు వచ్చింది. మురుగు శుద్ధి యంత్రం ఉన్న సముదాయాల్లో ఆ శుద్ధి నీటితో ఉన్న పచ్చికను కొనసాగించవచ్చు. అయితే గాలిలో తుంపర్లు లేచే స్ప్రింక్లర్లతో కాక, నేల మీదుగా వెళ్లే గొట్టాలతోనే దానిని ఇవ్వాలి. శుద్ధి నీరు లేని చోట సర్వసభ్య సమావేశంలో వాదనకు దిగేముందు తోట లైనుకు విడిగా ఒక నీటి మీటరు పెట్టించమని అడగండి. ఒక వేసవి రీడింగులు చేతికి వచ్చాక ఎంత పచ్చిక ఉంచాలన్నది ఆ అంకెలను చూసి సభ్యులే తేల్చుకోగలరు.